తిమోతి అనారోగ్యము – మన కాలేజీ బిడ్డలు

వాక్యభాగములు: 1 తిమోతి 5:23; 2 కొరింథీయులకు 12:7–10



కోడంబాక్కంలో మన తెలుగు సంఘములో ఒక ఆదివారము చెప్పిన వర్తమానమును పత్రిక కోసం వ్రాసి పంపమని పెద్దలు అడిగారు. పుల్పిట్ మీద చెప్పినప్పటికంటే కాగితం మీద పెట్టేటప్పుడే నాకు ఎక్కువ కష్టముగా ఉన్నది. ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉన్నది. ఇందులో ప్రస్తావించిన బిడ్డ, ఆమె తల్లి వ్రాయమని అనుమతి ఇచ్చిన తరువాతనే వ్రాస్తున్నాను.

మొదటి వాక్యభాగము చాలామంది బోధకులు త్వరగా దాటిపోయే వచనము. పౌలు తిమోతికి వ్రాస్తూ, నీళ్ళు మాత్రమే త్రాగవద్దు, నీ కడుపు జబ్బు కోసమూ మాటిమాటికీ వచ్చే నీ బలహీనతల కోసమూ కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని చెప్పుచున్నాడు. త్రాగుబోతులు ఈ వచనాన్ని మనకు అప్పజెప్పి నవ్వుతారు. మనమేమో సిగ్గుపడి పేజీ త్రిప్పుతాము. ఆ రోజులలో ద్రాక్షారసము మందుగా కూడ వాడబడేది. మంచి సమరయుడు గాయపడినవాని పుండ్లమీద నూనెతోపాటు దానినే పోశాడు (లూకా 10:34). పౌలు చెప్పినది "కొంచెము" అని, అది కూడా జబ్బు నిమిత్తమని. కాబట్టి ఇది త్రాగుడుకు ఇచ్చిన అనుమతి కాదు, ఒక పెద్దాయన రోగియైన తన కుమారునికి వ్రాసిన వైద్య సలహా. ఈ ఒక్క వచనములో మన ఇండ్లకు కావలసిన మూడు సంగతులు ఉన్నాయి.

1. విశ్వాసియైన యౌవనుడు రోగి కావచ్చును

తిమోతి ఎవరు? చిన్న వయసువాడు. నీ యౌవనమునుబట్టి ఎవరూ నిన్ను తక్కువచేయకుండ చూచుకొమ్మని ఇదే పత్రికలో పౌలు అతనికి చెప్పాడు. అవ్వ లోయి, తల్లి యునీకే నేర్పిన విశ్వాసములో పెరిగినవాడు. పుట్టిన ఊరు లుస్త్ర ప్రాంతము, పని ఎఫెసులో. అంటే మనలాగే ఊరు విడిచి వచ్చి పరాయి పట్టణములో బ్రతుకుచున్నవాడు. అతనికి వచ్చిన జబ్బు ఒక్కసారి వచ్చి పోయినది కాదు, మాటిమాటికీ వచ్చేది. ఈ కాలపు డాక్టర్లు దీర్ఘకాలిక వ్యాధి అనే మాట వాడతారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తిమోతి ఉన్నది ఎఫెసులో (1 తిమోతి 1:3). అదే ఎఫెసులో పౌలు శరీరమునకు తగిలిన చేతిగుడ్డలను రోగుల యొద్దకు తీసుకొనిపోతే వారు స్వస్థపడ్డారని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము చెప్పుచున్నది. అదే పౌలు, అదే ఊరు. ఎవరెవరికో చేతిగుడ్డలు వెళ్ళాయి. సొంత కుమారునిలాంటి తిమోతికి మాత్రము వెళ్ళినది వైద్య సలహా. పౌలుకు విశ్వాసము తగ్గిపోయిందా? తిమోతి రహస్య పాపము ఏదైనా దాచిపెట్టాడా? అలాంటి మాట పత్రికలో ఒక్కటి కూడా లేదు. "నీకు విశ్వాసము చాలదు" అని పౌలు అతనిని గద్దించలేదు. జబ్బు తగ్గేవరకు పని మానుకొమ్మని కూడ చెప్పలేదు. మందు పుచ్చుకో, సంఘమును కాయి – ఈ రెండూ కలిపి చెప్పాడు.

తిమోతి ఒక్కడే కాదు. త్రోఫిము రోగియైయుండగా పౌలు అతనిని మిలేతులో విడిచి వచ్చాడు. ఎపఫ్రొదితు చావుకు సిద్ధమయ్యేంత జబ్బుపడ్డాడు. పౌలు తన శరీరములోని ముల్లు తీసివేయుమని మూడుసార్లు వేడుకొన్నాడు. ముల్లు పోలేదు, కృప వచ్చింది.

మన తెలుగు బాప్టిస్టు చరిత్ర చూడండి. 1840లో నెల్లూరులో పని స్థిరపరచిన సామ్యూల్ డే దొరగారు అనారోగ్యముతో స్వదేశమునకు వెళ్ళవలసి వచ్చింది. ఆయన ఊరుకోక జ్యూయెట్ దొరగారిని వెంటబెట్టుకొని మరల వచ్చారు. మరల ఆరోగ్యము చెడి 1853లో శాశ్వతముగా వెళ్ళిపోయారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు చూడటానికి ఆయన బ్రతికి లేరు. జబ్బుమనిషి వేసిన విత్తనమునకు మనము పంట. మన తాతలకు సువార్త తెచ్చినవారిలో ఒకరు రోగియైతే, మన సంఘములో రోగియైన బిడ్డను తక్కువగా చూచే హక్కు మనకెక్కడిది?

2. మందు విశ్వాసమునకు శత్రువు కాదు

ఇప్పుడు ఆ బిడ్డ సంగతి చెబుతాను.

మన సంఘములో చాలా కుటుంబాలు నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి సినిమా స్టూడియోల పనికి కోడంబాక్కం, వడపళని వచ్చి స్థిరపడ్డవి. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయినా ఇక్కడే ఉండిపోయినవారు ఉన్నారు. ఆ బిడ్డ తాతగారు సెట్టింగుల వడ్రంగిగా వచ్చినవారు. ఆమె కోడంబాక్కం స్టేషనులో ఎలక్ట్రిక్ రైలు ఎక్కి కాలేజీకి వెళ్ళేది. ఇంటరు చదివే వయసులో ఆమెకు షుగర్ వచ్చింది. పెద్దలకు వచ్చే షుగర్ కాదు, టైపు 1 అంటారు. శరీరమును కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమములోని ఇన్సులిన్ తయారుచేసే కణములను నాశనము చేస్తుంది. స్వీట్లు తిన్నందువలన వచ్చేది కాదు, తల్లిదండ్రుల పాపమువలన వచ్చేది అసలే కాదు. ఇన్సులిన్ లేకపోతే తిన్న ఆహారము ఒంటికి పట్టదు. నోటితో మింగితే కడుపులో అరిగిపోతుంది గనుక సూదితోనే ఇవ్వాలి. ప్రతి దినము, దినములో అనేకసార్లు, బ్రతికినన్నాళ్ళు.

కొన్ని సంవత్సరముల క్రితము ఎండాకాలములో మన సంఘములో మూడు దినములు ఉపవాస ప్రార్థనలు పెట్టుకొన్నాము. బయటనుండి వచ్చిన ఒక ప్రసంగీకుడు, నిజమైన విశ్వాసము ఉన్నవారు మందులు పక్కన పెట్టమని గట్టిగా చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను కూడ అన్నాను. నా మనస్సులో అది సరికాదని తెలుసు. అయినా అతిథిని నలుగురిలో ఎలా తప్పుపట్టేదని ఊరుకొన్నాను. మరుసటి దినము ఆ బిడ్డ లేచి, "నేను సూది మానేశాను" అని సాక్ష్యము చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆమె తలమీద చెయ్యి పెట్టి ఆమె విశ్వాసమును పొగిడాను.

మూడవ దినము రాత్రి వాంతులు మొదలైనవి. విపరీతమైన దాహము, ఆయాసము, ఊపిరిలో పండిన పండ్ల వాసన. ఉపవాసమువలన నీరసమని ఇంటివారు అనుకొన్నారు. తెల్లవారుజామున ఆమెకు మాట తెలియలేదు. ఎదురింటి తమిళ ఆటో తమ్ముడు, మన మతము వాడు కూడ కాదు, ఎత్తి ఆటోలో వేసుకొని ఆసుపత్రికి చేర్చాడు. ఇన్సులిన్ ఆగిపోతే రక్తములో ఆమ్లములు పేరుకొని ప్రాణము తీస్తాయని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదని కూడ చెప్పింది. తరువాత, "సూది ఎవరు ఆపమన్నారు?" అని అడిగింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆ బిడ్డ నావైపు చూచింది. "నేనే ఆపానండి" అన్నది. నా పేరు చెప్పలేదు.

వార్డులోకి మార్చిన తరువాత నేను మంచము పక్కన కూర్చొని, "ఎందుకమ్మా అలా చేశావు?" అని అడిగాను. ఆమె అన్నది: "అయ్యగారూ, సూది వేసుకొంటూనే నేను దేవుణ్ణి నమ్మాను. నాకు నమ్మకము ఉందని మీరందరు నమ్మాలని ఆపాను."

ప్రియులారా, ఆ మాట విన్న తరువాత నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. బిడ్డ శోధించినది దేవుణ్ణి కాదు. ఆమెను శోధించినది మనము.

హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియుండి ప్రార్థన చేశాడు. దేవుడు అతని కన్నీళ్ళు చూచి ఆయుష్షు పొడిగిస్తానని వాగ్దానము చేశాడు. వాగ్దానము వచ్చిన తరువాత యెషయా ప్రవక్త ఏమి చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు వేయించాడు (2 రాజులు 20:7). వాగ్దానము ఇచ్చిన దేవుడే ముద్దను కూడ వాడాడు. పౌలు ప్రక్కన చివరివరకు ఉన్నవాడు లూకా, ప్రియమైన వైద్యుడు.

ఇన్సులిన్ కూడ అలాంటి అంజూరపు ముద్దే అని నేను నమ్ముచున్నాను. 1921లో కెనడాలోని టొరంటో పట్టణములో బాంటింగ్, బెస్ట్ అనేవారు మక్లియడ్ ప్రయోగశాలలో దానిని కనుగొన్నారు. కొలిప్ దానిని శుద్ధిచేశాడు. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పధ్నాలుగేళ్ళ కుర్రవానికి మొదటిగా ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బ్రతికేవారు కారు. దాని పేటెంటు హక్కును వారు ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేశారు.

3. ఒంటరిగా దాచుకొనే బరువు

ఆ తొలి రోజులలో ఇన్సులిన్ పొందిన మరొక బిడ్డ సంగతి బాప్టిస్టులమైన మనము తప్పక తెలుసుకోవాలి. తెలుగు మిషనును నడిపిన అమెరికా బాప్టిస్టులు 1907లో నార్తరన్ బాప్టిస్టు కన్వెన్షనుగా ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు చార్లెస్ ఇవాన్స్ హ్యూస్. ఒక బాప్టిస్టు పాదిరిగారి కుమారుడు. తరువాత అమెరికా విదేశాంగ మంత్రి, ఆ తరువాత ప్రధాన న్యాయమూర్తి అయినవాడు. అదే 1907లో ఆయన ఇంట ఎలిజబెత్ అనే కుమార్తె పుట్టింది. పదకొండేళ్ళకు ఆమెకు ఈ జబ్బు వచ్చింది. అప్పటికి మందు లేదు. ఆకలితో ఉంచి ఆయుష్షు పొడిగించడమే వైద్యము. 1922 ఆగస్టులో టొరంటోకు తీసుకొనిపోయేటప్పటికి పదిహేనేళ్ళు నిండబోతున్న ఆ పిల్ల బరువు సుమారు 20 కిలోలు. బాంటింగ్ చేతిమీదుగా ఇన్సులిన్ అందింది, బ్రతికింది. బర్నార్డ్ కాలేజీలో చేరి 1929లో పట్టభద్రురాలైంది. పెండ్లి చేసుకొని ముగ్గురు బిడ్డలను కన్నది. 40,000కు పైగా సూదులు వేసుకొని, 73 ఏళ్ళ వయసున 1981లో కన్నుమూసింది.

ఎంత మేలు! అయితే ఒక విచారకరమైన సంగతి కూడ ఉన్నది. ఆమె జీవితాంతము తన జబ్బును దాచిపెట్టింది. అతి కొద్దిమందికి తప్ప స్నేహితులకు చెప్పలేదు. తండ్రి కాగితములలో తన జబ్బు ఊసు లేకుండ చేసింది. అంత పెద్ద ఇంట, అంత పేరున్న కుటుంబములో పుట్టినదే దాచుకొంటే, కోడంబాక్కం సందులలో అద్దె ఇంట ఉండే మన బిడ్డ దాచుకొనదా?

ఆమె కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. సూది వేసుకొనడానికి బాత్రూములోకి వెళ్ళేది. ఒకనాడు రైలులో చక్కెర పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికి, ఎక్కడ దిగాలో తెలియక కూర్చుండిపోయింది. లేడీసు పెట్టెలో పూలబుట్టతో వస్తున్న ఒక ముసలమ్మ చూచి, తన సంచిలోని బెల్లపు ఉండ నోటిలో పెట్టింది. పేరు అడగలేదు, కులము అడగలేదు. కొంతసేపటికి పిల్ల తేరుకొన్నది. ఈ సంగతి ఇంట్లో చెబితే కాలేజీ మాన్పిస్తారని ఆమె చెప్పలేదు. సంఘములో చెబితే పెండ్లి సంబంధము రాదని తల్లి చెప్పనివ్వలేదు. "అయ్యగారూ, ఈ మాట బయటికి పొక్కితే నా బిడ్డను ఎవరు చేసుకొంటారండీ?" అని తల్లి ఏడ్చింది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమె భయమునకు కారణము మన మాటలే.

నిజము చెప్పాలంటే బలహీనతను దాచుకొనవద్దని మనకు నేర్పినవాడు పౌలే. తన ముల్లు సంగతి అతడు కొరింథు సంఘమంతటికీ వ్రాసిపెట్టాడు. అతనిని ఎగతాళి చేసేవారున్న సంఘమునకే వ్రాశాడు. తన బలహీనతలోనే క్రీస్తు శక్తి తనమీద నిలిచియుంటుందని అతిశయపడ్డాడు. సంఘములో పెద్దలు తమ బలహీనతలు ఒప్పుకొంటేనే బిడ్డలు తమవి చెప్పుకొంటారు. అందుకే నేను మొదట నా తప్పును సంఘము ముందు నిలువబడి ఒప్పుకొన్నాను. ఆ ఆదివారము కొందరు నాతో మాట్లాడలేదు. అయితే ఆరాధన ముగిసిన తరువాత ముగ్గురు యౌవనస్థులు విడివిడిగా వచ్చారు. ఒకరికి మూర్ఛ, ఒకరికి ఆస్తమా, ఒకరికి చిన్ననాటి కీళ్ళజ్వరమువలన దెబ్బతిన్న గుండె. ఇన్నేళ్ళు నేను వారి కాపరిని. నాకు ఒక్కటి కూడ తెలియదు.

మనము చేయవలసినవి

తల్లిదండ్రులారా, జబ్బున్న బిడ్డ చదువు మాన్పించవద్దు. ఎవరి పాపము అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు వీని పాపమూ కాదు, కన్నవారి పాపమూ కాదు అని చెప్పాడు (యోహాను 9). కాలేజీలో ఒక అధ్యాపకునికి, ఒక స్నేహితురాలికి అయినా సంగతి చెప్పించండి. టైపు 1 పిల్లలు పరీక్ష హాలులోకి తినుబండారములు తీసుకొనిపోవడానికి సి.బి.ఎస్.ఇ. బోర్డు 2017లోనే అనుమతి ఇచ్చింది. కాలేజీలో కూడ ముందుగా ఉత్తరము ఇచ్చి అడగండి. ఖర్చు భరించలేనివారు తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇన్సులిన్ ఉచితముగా ఇస్తారని తెలుసుకోండి. సెంట్రల్ స్టేషను ఎదుట ఉన్న జనరల్ ఆసుపత్రికి వెళ్ళడానికి సిగ్గుపడవద్దు.

యౌవనస్థులారా, మీ స్నేహితునికి చక్కెర పడిపోతే గుర్తుపట్టండి: చెమట, వణుకు, తికమక మాట, ఊరకనే కోపము. తెలివి ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించండి. పదిహేను నిమిషములకు తగ్గకపోతే మరల ఇవ్వండి. తెలివి లేకపోతే నోటిలో ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయండి. వాంతులు, ఆయాసము ఉంటే నీరసమని వదలివేయవద్దు, ఆసుపత్రికి తీసుకొనిపోండి. ఆ పూలమ్మే ముసలమ్మ చేసినది మన యౌవనుల సమాజము చేయలేదా?

సంఘ పెద్దలారా, రోగుల కొరకు ప్రార్థించండి. నూనె రాసి ప్రార్థించమని యాకోబు వ్రాసినది మన కొరకే. దేవుడు నేటికీ స్వస్థపరచగలడు. నేను దానిని పూర్తిగా నమ్ముచున్నాను. అయితే ఎవరి మందునూ ఆపమని మన పుల్పిట్ మీదనుండి ఒక్క మాట కూడ రాకూడదు. వచ్చినవాడు ఎంత గొప్ప ప్రసంగీకుడైనా, అక్కడికక్కడే లేచి సరిదిద్దే ధైర్యము మనకు ఉండాలి. ఉపవాసము చేయలేని బిడ్డను ప్రార్థనకు రమ్మనండి, ఆమెకు వేళకు భోజనము పెట్టండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆమె బిస్కెట్టు తింటే ఎవరూ వెనుకకు తిరిగి చూడవద్దు. ఇప్పుడు మన వెస్ట్రీ బీరువాలో రొట్టె పళ్ళెముల ప్రక్కన ఒక చక్కెర డబ్బా ఉంటుంది. స్త్రీల సమాజమువారు దానిని చూచుకొంటున్నారు.

పెండ్లి సంబంధము మాట్లాడే అక్కలారా, ఒక్క మాట. ఈ జబ్బున్న ఆడపిల్ల తగిన వైద్యముతో కాపురము చేయగలదు, బిడ్డలను కనగలదు. ఎలిజబెత్ హ్యూస్ నూరేళ్ళ క్రితపు మందులతోనే చేసి చూపింది. ఈ విషయము తెలియక ఒక ఇంటి దీపమును ఆర్పవద్దు.

ముగింపు

ఆ బిడ్డకు జబ్బు పోయిందా అని మీరు అడుగుతారు. పోలేదు. ఈ ఉదయము కూడ ఆమె సూది వేసుకొనే ఉంటుంది. ఒక సెమిస్టరు పరీక్షలు పోయినవి, మరుసటి సంవత్సరము వ్రాసి పాసయింది. ఇప్పుడు సండే స్కూలులో చిన్నపిల్లలకు చెబుతున్నది. ఒక ఆదివారము క్లాసు మధ్యలో అందరి ముందు సూది వేసుకొన్నది. "అక్కా, నొప్పి పుడుతుందా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. "కొంచెము. అయినా వేసుకొంటేనే మీకు కథ చెప్పగలను" అన్నది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఆసుపత్రిలో తలుపు దగ్గర నిలబడినది గుర్తుకొచ్చింది.

తిమోతి కడుపు జబ్బు నయమైందో లేదో బైబిలులో లేదు. అతడు పని మానలేదని మాత్రము ఉన్నది. పౌలు తన చివరి పత్రికలో, చలికాలము రాకముందే రమ్మని పిలిచినది అతనినే. ఆ దూరమైన ప్రయాణమునకు ఆరోగ్యవంతుని వెదకలేదు, ఆ రోగినే పిలిచాడు. మన మధ్యనున్న తిమోతులను మనము కూడ అలాగే పిలుచుదము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డల శరీరములలోని ముండ్లు నీకు తెలుసు. నీ చిత్తమైతే వాటిని తీసివేయుము. తీయని యెడల వారికి నీ కృపను, మాకు వారిని మోసే మనస్సును దయచేయుము. మందు కనుగొన్న చేతుల కొరకు, ఎత్తి మోసిన చేతుల కొరకు స్తోత్రములు. మా మాటవలన ఏ చిన్నబిడ్డ ప్రాణమూ ఆపదలో పడకుండ మా నోటికి కావలి యుంచుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.

– మీ సంఘ కాపరి, కోడంబాక్కం